చెంబు తొడుగు

సారపాక,
ఆగస్టు 11

శ్యామలా,

ఇక్కడ నేను, మీ బావ, గోదావరి, ముగ్గురం క్షేమం. మొన్న గోదావరి రెండో హెచ్చరిక దాకా ఎక్కింది. మీ బావ మిల్లులో డ్యూటీ దిగి ఇంటికి రాకుండా వంతెన మీదికి వెళ్ళి గంటసేపు నిలబడి వచ్చాడు. "ఏం చూసినవ్ గంటసేపు?" అని అడిగితే "నీళ్ళు" అన్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన ఉపన్యాసాలన్నీ ఇంత పొడుగే.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకరు పెట్టి తీరాలని కదా మీ అత్తమ్మ చట్టం! పోయినసారి నా మోకాలి నొప్పి సంగతి నీకు గుసగుసగా చెబుతుంటే, ఎనభై ఏళ్ళ కొండమ్మగారు మంచం మీంచి "ఆముదం రాయమను" అని అరిచింది. ఆముదం రాశాను, తగ్గింది, అది వేరే సంగతి. అక్కచెల్లెళ్ళ మధ్యే ఉండాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. అందుకే ఇకమీదట పార్సిలులో ఉత్తరం. భద్రాచలం బస్సు ఎలాగూ మీ తల్లాడ మీదుగానే ఖమ్మం పోతుంది. పార్సిలు కౌంటరులో ఆయన "లోపల ఏముందమ్మా?" అన్నాడు. "ఊలు" అన్నాను. "గీ ఉక్కలనా?" అని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

చూడనీ. కాలనీలో నన్ను చూసి నవ్వనిది ఎవరు? పక్కింటి సోమ్లి రోజూ అంటుంది, "అక్కా, నీ సూదులు చూస్తెనే నాకు చెమట పోస్తది" అని. ఈ నెల మీ బావకు పదో స్వెట్టరు పూర్తయింది. బూడిద రంగు, పొట్టిచేతులది. మే నెలలో కోడిగుడ్డు నేలమీద ఉడికే ఊళ్ళో ఒక మనిషికి పది స్వెట్టర్లు. ఫ్రిజ్ పిడికి తొడుగు అయింది, స్కూటరు అద్దాలకు రెండు టోపీలయ్యాయి. అల్లడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

అసలు మాటకు వస్తాను. దీపిక పుట్టింటికి వచ్చేసిందనీ, నాలుగో నెల అనీ విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది పిల్లకు. ఈసారి నిలవాలి. రాములవారికి చెప్పుకున్నాను. ఏం మొక్కానో చెప్పను.

పిల్ల గడప దాటి లోపలికి రాగానే మీ అత్తమ్మ చాటించిందటగా, "పుట్టకముందు గుడ్డముక్క సిద్ధం చెయ్యొద్దు. పుట్టినంక గూడ మొదలు పాతగుడ్డే, కొత్తది ఒంటి మీదికి రావద్దు" అని. ఆ మాట నాకు కొత్త కాదు. మా అత్తగారు కూడా అంది, కాకపోతే ఆలస్యంగా అంది. ఆ సంగతి నీకు తెలుసు, తవ్వను.

కాబట్టి ఒట్టేసి రాస్తున్నాను, ఈ పొట్లంలో ఉన్నది చంటిబట్ట కాదు. చెంబు తొడుగు. లేత పసుపు ఊలు, పైన చిన్న ఊలు బంతి, చెంబు మెడకు కట్టడానికి కింద రెండు తాళ్ళు. చాలా చిన్న చెంబు. ఇంకా రాని చెంబు అనుకో. బీరువాలో చీరల అడుగున పెట్టు. నీకు అర్థమవుతుందనే నా నమ్మకం.

మీ అక్క
ప్రమీల


తల్లాడ,
ఆగస్టు 19

అక్కా,

నీ పొట్లం చేరింది. మీ మరిదిని బస్టాండుకు పంపితే తీసుకుని, అక్కడే టీ తాగి, పత్తి మందుల గురించి ఎవరితోనో గంటసేపు మాట్లాడి, పొట్లం టీ కొట్టులోనే మరిచి వచ్చారు. మళ్ళీ వెళ్ళి తెచ్చారు. మాట్లాడని మొగుడు దొరికాడని నువ్వు ఏడుస్తావు. మా ఆయన్ని ఒకరోజు అరువు తీసుకుని చూడు, తెలుస్తుంది.

మా గేదె ఈనింది. జున్ను పంపుదామంటే బస్సులో మీ ఊరు చేరేసరికి అది వేరే పదార్థం అవుతుంది. దీపికకు వాంతులు తగ్గాయి. ఇప్పుడు పచ్చిమామిడికాయ కావాలట, ఆగస్టులో! మాగాయ ఊట వేలితో నాకించి ఊరుకోబెడుతున్నాను. డాక్టరమ్మ మెట్లు ఎక్కొద్దంది, బరువులెత్తొద్దంది. అత్తమ్మ దిగులు పడొద్దంది. ఆ మూడోదే కష్టంగా ఉంది పిల్లకు.

చెంబు తొడుగు భలేగా ఉందక్కా. బీరువాలో పెట్టమన్నావు కానీ, అంత మంచి వస్తువును దాచుకోవడం ఎందుకని అత్తమ్మ మంచం పక్కన ఇత్తడి చెంబుకు తొడిగేశాను. కొలిచి అల్లినట్టు సరిపోయింది. అత్తమ్మ మొదట "ఏందే గిది? చెంబుకు సలి పెడ్తాందా?" అంది. మర్నాటికి, "నీళ్ళు సల్లగుంటున్నయ్. మీ అక్కకు మంచి పనొచ్చు" అంది. ఇప్పుడు బిందెకు కూడా ఒకటి కావాలట. బిందె చుట్టుకొలత నా జానతో అయిదు జానలు. ఎరుపు రంగయితే మాయదని ఆమె అభిప్రాయం.

చెంబు తొడుగును వారానికి రెండుసార్లు కుంకుడు రసంలో ఉతికి నీడలో ఆరేస్తున్నాను. నువ్వేం దిగులు పెట్టుకోకు.

నీ చెల్లెలు
శ్యామల


సారపాక,
సెప్టెంబరు 4

శ్యామలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి కళ్ళజోడు తుడుచుకుని చదివాను. చెంబుకు తొడిగావా? నిజం చెంబుకా?

పదో తరగతిలో లెక్కలకు నూటికి తొంభై తెచ్చుకున్నది నువ్వేనా? నాన్న వీధంతా పటికబెల్లం పంచింది నీకోసమేనా? సరే. నేనే కదా చెంబు తొడుగని రాశాను. నోరు జారినవాళ్ళు పళ్ళు కొరుక్కోవాల్సిందే.

బిందె తొడుగు ఈ పొట్లంలోనే ఉంది. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదనలేను కదా. పన్నెండు రోజులు పట్టింది. ఒళ్ళో పెట్టుకుని అల్లుతుంటే మేకను పడుకోబెట్టుకున్నట్టుంది. మీ బావ చూసి "ఎవరికి?" అన్నాడు. "బిందెకు" అన్నాను. తల ఊపి స్నానానికి వెళ్ళిపోయాడు.

అడుగున చిన్న కాగితంలో చుట్టి ఇంకో రెండున్నాయి, చూడు. కళ్ళజోడు సంచులు. లేత పసుపే, అంచుకు తెల్లరంగు. నాలుగు వేళ్ళ పొడవు. పైన రిబ్బను పెట్టాను, జారిపోకుండా ముడేసుకోవచ్చు. మడమ దగ్గర, అంటే కళ్ళజోడు మడమ దగ్గర, మూడు కుట్లు తగ్గించాను. అటువంటి మలుపు తిప్పడం ఎంత కష్టమో నీకేం తెలుసు! మిల్లు కాలనీకి వచ్చిన కొత్తల్లో ఎదురింటి ఇంజనీరుగారి భార్య, ఉత్తరాది ఆవిడ, నా వేళ్ళు పట్టుకుని వారం రోజులు నేర్పింది. ఆ మలుపు నేను మళ్ళీ తిప్పింది ఇన్నేళ్ళకు ఇప్పుడే. చేతులు మరిచిపోలేదు, చూశావా!

జత విడదీయకు. రెండూ ఒకేచోట ఉంచు. ఇంతకంటే వివరంగా రాయలేను.

ఊలును వారానికి రెండుసార్లు కుంకుడు రసంలో ఉతుకుతారటే? పాతబడిపోదూ?

ఒళ్ళు మండుతున్న
మీ అక్క


తల్లాడ,
సెప్టెంబరు 20

అక్కా,

బిందె తొడుగుకు మా వీధిలో వచ్చినంత పేరు ఇంతవరకు ఏ మనిషికీ రాలేదు. చూడ్డానికి జనం వస్తున్నారు. మందులివ్వడానికి వచ్చిన ఆశా వర్కరు దీపిక బీపీ చూడటం మరిచి బిందెకు ఫోటో తీసుకుంది. అత్తమ్మ అందరికీ "మా కోడలి అక్క, సారపాకల ఉంటది, చెయ్యి తిరిగిన మనిషి" అని చెబుతోంది. నోరు తిరిగిన మనిషి మాత్రం ఆమే అనుకో, మాట మీద మాట వస్తూనే ఉంటుంది.

కళ్ళజోడు సంచులు కూడా వాడకంలోకి వచ్చాయి. ఒకటి మీ మరిదికి ఇచ్చాను. కళ్ళజోడు మొత్తం పట్టదు, ఒక కాలు బయటికి చాస్తుంది. అయినా మిరప తోటకు అదే జేబులో పెట్టుకుని వెళుతున్నారు. రెండోది అత్తమ్మ వక్కలు పోసుకోవడానికి తీసుకుంది. రిబ్బను ముడి ఆమెకు తెగ నచ్చింది. జత విడదీయొద్దన్నావు కానీ, సాయంత్రం రెండూ ఒకే మేకుకు తగిలిస్తున్నానులే.

పాతబడిపోతాయన్నావు. పడనీ అక్కా. వాడే వస్తువు పాతబడక ఏం చేస్తుంది?

స్కానింగులో అంతా బాగుందన్నారు. లోపల తన్నులు మొదలయ్యాయట. దీపిక రాత్రి నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టి, "అమ్మా, ఇంత దూరం ఎప్పుడు రాలే కదా" అంది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఏడో నెలలో చలిమిడి పెడదామనుకుంటున్నాం. నువ్వు రావాలి. రావని తెలుసు, అయినా రావాలి.

నీ
శ్యామల


సారపాక,
నవంబరు 3

శ్యామలా,

వక్కలా!

నెలకు పైగా ఆ ఒక్కమాట మీదే ఉండిపోయాను, అందుకే జవాబు ఆలస్యమైంది. వాటిలో వక్కలు పోశారు. ఊరుకుంటాను. పెద్దావిడ.

చలిమిడికి నేను రాను. ఎవరూ ఏమీ అనరు, అందరూ మంచివాళ్ళే. కానీ పేరంటంలో నా దగ్గరికి వచ్చేసరికి కుంకుమ పెట్టే చెయ్యి చిటికెడంత ఆగుతుంది. ఆ ఆగడం నాకు చాలు. దీపికకు చల్లగా ఉండాలని ఇక్కడినుంచే అనుకుంటాను.

ఇక ఈ పొట్లంలో ఉన్నది ఫ్లాస్కు చొక్కా. జాగ్రత్తగా విను. లేత పసుపు, ముందు మూడు చిన్న బొత్తాలు, ముత్యాల్లాంటివి, కొత్తగూడెంలో వెతికి తెచ్చాను. మెడ దగ్గర రెండు వరసల అల్లిక, గుచ్చుకోకుండా. మెత్తటి ఊలు, చెంపకు ఆనించి చూసుకుని మరీ కొన్నాను. రెండు చేతులున్నాయి. ఒక చెయ్యి ఫ్లాస్కు పిడి కోసం. రెండో చెయ్యి ఎందుకని నిన్ను నువ్వే అడుగు. మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ, బాగా ఆలోచించు. ఫ్లాస్కుకు రెండో చెయ్యి ఎందుకుంటుంది?

మీ అక్క


తల్లాడ,
నవంబరు 15

అక్కా,

బాగా ఆలోచించాను. అందం కోసమై ఉంటుంది.

దీపిక పాల ఫ్లాస్కుకు తొడిగాం. పిడి ఒక చేతిలోంచి బయటికి వచ్చింది. రెండోది పక్కకు వేలాడుతూ, అచ్చం బడికి పోనని మొండికేసినట్టు నిలబడింది. దీపిక ఎంత నవ్విందంటే పొట్ట పట్టుకుని కూచుంది. ఈ ఇంట్లో ఆ పిల్ల నవ్వు విని ఏడాది దాటింది. అత్తమ్మ "మెల్లగనే, మెల్లగ" అని కసిరి, తను కూడా పళ్ళు లేని నోటితో నవ్వింది. దీపిక ఆ వేలాడే చేతిని వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు అట్లాగే ఉంది.

మొన్న పాలు ఒలికితే విప్పి ఉతికాను. ఒక బొత్తం వదులైంది, బిగించాను.

చలిమిడి బాగా జరిగింది. నీ వాటా డబ్బాలో పెట్టాను. బావను మొత్తం తిననివ్వకు.

శ్యామల


సారపాక,
నవంబరు 27

శ్యామలా,

అందం కోసమా? రెండు చేతుల ఫ్లాస్కును నీ బతుకులో ఎక్కడన్నా చూశావా?

ఇన్నాళ్ళూ నువ్వు అమాయకురాలివని సర్దుకున్నాను. ఇప్పుడు ఇంకో అనుమానం వస్తోంది. రాసేస్తాను, లేకపోతే అన్నం సయించదు.

ముప్పై ఒక్క ఏళ్ళ కింద, ఏడో నెలలో, ఆకుపచ్చ ఊలు తెచ్చుకుని అల్లడం మొదలుపెట్టాను. ఒళ్ళు అయింది, ఒక చెయ్యి అయింది. రెండో చేతికి కుట్లు ఎక్కించిన రోజే నొప్పులొచ్చాయి. దవాఖానా నుంచి ఖాళీ చేతులతో వచ్చాను. మా అత్తగారు గుమ్మంలోనే, "పుట్టకముందే చొక్కా అల్లవడ్తివి, గందుకే గిట్లయింది" అంది. ఊలుకూ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకూ తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. ఆ ఒంటిచేతి చొక్కా ఇనప్పెట్టెలో అట్లాగే ఉంది. చిన్న కొలత నేను మళ్ళీ అల్లలేదు. ఏ ఇంట్లో ఎవరు పుట్టినా వెండి గిన్నె కొనిచ్చాను కానీ ఊలు ముట్టలేదు. మీ బావకు పది స్వెట్టర్లు ఎందుకయ్యాయి అనుకున్నావు?

దీపిక కోసం ధైర్యం చేశాను. నా చేత్తో అల్లింది ఒక్కటంటే ఒక్కటి ఆ... చూశావా, ఆ మాట కాగితం మీద పెట్టడానికి ఈ వయసులో కూడా భయమే. నువ్వు తీసుకెళ్ళి చెంబుకు తొడిగావు. వక్కలు పోయించావు. పాలు ఒలికించావు.

నా చెయ్యి మంచిది కాదని నీకూ ఉంటే ఉందని రాయి. నేను తట్టుకుంటాను. నవ్వులాట మాత్రం చెయ్యకు. అల్లినవన్నీ తిరిగి పంపించు. బిందె తొడుగు మీ అత్తమ్మ ఉంచుకోవచ్చు.

ప్రమీల


తల్లాడ,
డిసెంబరు 5

అక్కా,

పంపను. ఒక్కటి కూడా పంపను. చెంబు ఆ తొడుగుకు అలవాటు పడింది, తీస్తే జలుబు చేస్తుంది.

నీ ఉత్తరం చదివి గేదెల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఎందుకేడ్చానో ఇప్పుడు చెప్పను. నీ చెయ్యి మంచిది కాదని నేననుకుంటే ఈ చేతులు విరిగిపోనీ. నీ ఒళ్ళో పెరిగినదాన్ని, మరిచిపోయావా? నన్ను మొద్దనుకో, ఫరవాలేదు. ఇంకో రెండు నెలలు మొద్దుగానే ఉండనీ. అత్తమ్మ చేత వక్కలు తీయించాను, సంచి ఏడు నీళ్ళల్లో ఉతికాను, వాసన కూడా లేదు.

ఒక్క పని చేసిపెట్టు. అత్తమ్మకు మోకాళ్ళ మీద కప్పుకోవడానికి చిన్న దుప్పటి కావాలట. నాలుగు జానలు పొడవు, నాలుగు జానలు వెడల్పు. "బాగ మెత్తగుండాలె, మీ అక్కనే అల్లాలె, వేరేటోళ్ళది నాకొద్దు" అని రోజుకు మూడుసార్లు గుర్తుచేస్తోంది. చలి ముదరకముందే పంపు. ఆమెకు మాయని రంగులే ఇష్టం కదా, ఈసారి మాత్రం లేత పసుపే కావాలంది. ముసలితనంలో రుచులు మారతాయి కాబోలు.

కోపంగానైనా సరే అల్లు. సూదులు మాత్రం పక్కన పెట్టకు.

నీ మొద్దు చెల్లెలు


సారపాక,
డిసెంబరు 29

శ్యామలా,

దుప్పటి పంపుతున్నాను. మీ అత్తమ్మ మోకాళ్ళకు. పెద్దల మాట తీసెయ్యలేక అల్లాను, అంతే. ఇదే ఆఖరు.

ఇక్కడ చలి బాగా ఉంది. పొద్దున ఎనిమిది దాకా గోదావరి కనబడటం లేదు. మీ బావ పది స్వెట్టర్లకూ కాలం వచ్చింది, రోజుకొకటి తొడుగుతున్నాడు. షిఫ్టులో వాళ్ళందరూ అడుగుతున్నారట. సోమ్లి కూడా వచ్చి, "అక్కా, నాకొక మఫ్లరు అల్లవా?" అంది. నవ్విన నాపచేనే పండింది! నీలం రంగుది అల్లి ఇచ్చాను. తీసుకుని, మెడకు చుట్టుకుని, "గిప్పుడు చెమట పోస్తలే" అంది.

నీ ఉత్తరం బల్ల మీద పెడితే మీ బావ చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత "నీ చెల్లె మొద్దు కాదు" అన్నాడు. "మరేంది?" అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మీరందరూ కలిసి నన్ను ఏం చేద్దామనుకుంటున్నారో నాకు తెలియదు.

దీపిక జాగ్రత్త. నెల రోజులే ఉంది. నొప్పులు మొదలైతే స్పీకరు పెట్టయినా సరే, వెంటనే ఫోను చెయ్యి.

ప్రమీల


తల్లాడ,
జనవరి 27

అక్కా,

ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ క్షేమమనీ ఫోన్లో చెప్పాను. నువ్వు ఏడ్చావు. స్పీకరులో విని అత్తమ్మ "శుభమా అంటే ఏడుస్తదేందే!" అని అరుస్తూ తను కూడా ఏడ్చింది. ఫోన్లో చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. కూచుని చదువు. కళ్ళజోడు తుడుచుకో.

తెల్లారుజామున పుట్టింది. బయట మంచు, ఆస్పత్రి గది కూడా ఐసులా ఉంది. నర్సు బయటికి వచ్చి, "బిడ్డకు టోపీ, సాక్సు ఉన్నాయా? చలికి వణుకుతాంది" అంది. మీ మరిది నన్ను చూశారు. అల్లుడు కొత్తవి కొనుక్కొస్తానని పరుగెత్తబోయాడు. అత్తమ్మ చేతికర్ర అడ్డం పెట్టి ఆపింది. "కొత్తది ఒంటి మీదికి రావద్దన్ననా లేదా? సుట్టడానికి నా పాత చీర ఉన్నది. తతిమ్మాయి గా సంచిల ఉన్నయ్, తియ్యే శ్యామలా" అంది.

సంచిలో ఏమున్నాయో నీకు వేరే చెప్పాలా? చెంబు తొడుగు తలకు పెట్టాం. తాళ్ళు గడ్డం కింద ముడేశాం. కళ్ళజోడు సంచులు రెండు కాళ్ళకు. ఫ్లాస్కు చొక్కాలో ఆ రెండో చెయ్యి ఉందే, అందం కోసం పెట్టావని రాశానే, అందులోంచి ఇంతంత వేళ్ళు బయటికి వచ్చి నా చూపుడువేలు పట్టుకున్నాయి. పైన దుప్పటి. అది అప్పటికి మూడు వారాలుగా అత్తమ్మ మోకాళ్ళ మీద ఉంది.

నర్సు నవ్వి, "గివి కొత్తయి కాదా అవ్వా?" అంది. అత్తమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "కొత్తయేంది? ఆర్నెల్లు నా చెంబుకున్నది గది! ఎన్నిసార్లు ఉతికిందో మా కోడలినడుగు. నా ఇంట్ల గంతకన్న పాతగుడ్డ లేదు" అంది.

మొదటి పొట్లం విప్పిన నిమిషంలోనే నాకు అర్థమైందక్కా. ఆ చిన్న బంతి చూడగానే. కానీ బీరువాలో దాచానంటే అది పుట్టబోయే బిడ్డకు సిద్ధం చేసినట్టే కదా. పుట్టాక తీస్తే కొత్తబట్టే కదా. వాడి వాడి పాతబడిందయితే ఎవరు మాత్రం ఏమంటారు? నీకు చెబుదామని ఎన్నిసార్లు కలం పట్టానో. చెప్పి చేస్తే సిద్ధం చేసినట్టే అవుతుంది. చెప్పకుండా చేస్తే అది వట్టి చెంబు తొడుగే. పైగా నీకు తెలిస్తే భయపడి సూదులు కింద పెట్టేస్తావు. నవంబరు ఆఖరున నువ్వు రాసిన ఉత్తరం చూసి చెప్పేయబోయాను. దీపిక తొమ్మిదో నెల వైపు చూస్తూ నోరు నొక్కుకున్నాను. తిట్టుకో, ఎంతయినా తిట్టుకో, పడతాను.

అత్తమ్మకు నేను చెప్పలేదు. ఆమె నన్ను అడగలేదు. కానీ చెంబుకు తొడిగిన మర్నాడు, నీళ్ళు చల్లగా ఉంటున్నాయని మెచ్చుకుందని రాశాను చూడు. ఆ చెంబులో ఆరోజు నీళ్ళే లేవక్కా. నేను పోయడం మరిచిపోయాను.

ఇంకొక మాట. నిన్న దీపిక పిల్లకు పాలిస్తూ, "అమ్మా, పెద్దమ్మ పెట్టెల ఒక పచ్చ చొక్కా ఉన్నదంట కదా, అది గూడ పాతదే కదా?" అంది. నీ ఉత్తరం ఎప్పుడు చదివిందో దొంగపిల్ల. అత్తమ్మ వింది. ఇక తిడుతుందనుకున్నాను. "ఉతికి తెమ్మను. ముప్పై ఏండ్ల దుమ్ముంటది" అంది.

ఇరవయ్యొకటో రోజు, పదకొండో తారీఖున, తొట్టెలలో వేస్తున్నాం. పిల్లను తొట్టెలలో పెట్టేది నువ్వే. ఇది నా మాట కాదు, దీపిక మాట. కుంకుమ పెట్టే చెయ్యి ఎవరిదైనా ఆగితే అత్తమ్మ చేతికర్ర అక్కడే ఉంటుంది.

నీ
శ్యామల


సారపాక,
ఫిబ్రవరి 6

శ్యామలా,

నీ ఉత్తరం పూర్తయ్యేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయింది. మీ బావ మాడిన పప్పుతోనే అన్నం తిని, "అప్పుడే చెప్పిన" అన్నాడు. తిట్లన్నీ దాచిపెట్టాను, వచ్చాక ఒకేసారి తిడతాను. ఆరు నెలల బాకీ, తీరిగ్గా కూచుని విందువుగాని. ముందు నిన్ను గట్టిగా పట్టుకుని ఏడవాలి, అది అయ్యాక.

ఇనప్పెట్టె తీశాను. తాళం తుప్పుపట్టి రాకపోతే మీ బావ నూనె వేసి తీశాడు. చొక్కా పైకి తీస్తుంటే ఆయన పక్కనే నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మేమిద్దరం దాన్ని కలిసి చూడటం ఇదే మొదటిసారి. చేత్తో తడిమి, "చిన్నగుంది" అన్నాడు. అవును, చిన్నగానే ఉంది. కుంకుడు రసంలో ఉతికాను. నీళ్ళు మూడుసార్లు నల్లగా వచ్చాయి, మీ అత్తమ్మ అన్నట్టే. రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండో చేతికి ఆ పచ్చ ఊలు భద్రాచలంలో దొరకలేదు, కొత్తగూడెంలో దొరకలేదు. మీ అత్తమ్మ బిందె తొడుగులో మిగిలిన ఎరుపు ఉంది. దాంతోనే అల్లాను. ఒక చెయ్యి పచ్చ, ఒక చెయ్యి ఎరుపు. పండుమిరపకాయా పచ్చిమిరపకాయా పక్కపక్కన పెట్టినట్టుంది. మీ మరిదికి నచ్చుతుంది. రెండు సాయంత్రాల్లో అయిపోయింది. అల్లుతున్నంతసేపూ చేతుల వైపే చూసుకున్నాను. వణకలేదే శ్యామలా.

పదో తారీఖు పొద్దున బస్సుకు బయల్దేరతాం. మీ బావ కూడా సెలవు పెట్టాడు. ఆయన పేరంటాలకు రావడం ఎప్పుడన్నా చూశావా? "ఏం చూద్దామని వస్తున్నవ్?" అని అడిగాను. "బిడ్డను" అన్నాడు.

ఎర్ర చెయ్యి ఇంకా చొక్కాకు కుట్టలేదు. అది కొత్తది కదా మరి. మా ఇంటి స్టీలు గ్లాసుకు తొడిగి పెట్టాను. నాలుగు రోజులు అట్లాగే ఉంచి, వచ్చేముందు కుడతాను.

నీళ్ళు చల్లగా ఉంటున్నాయి.

మీ అక్క
ప్రమీల